పల్లె రోడ్లు, నది గట్టు, పక్క నగరం: ఒక రోజు సైకిల్ మార్గాన్ని ఎలా గీయాలి?

రోడ్ సైకిల్ మీద 30, 40 కిలోమీటర్లు తొక్కడం అలవాటైందనీ, ఇప్పుడు పల్లె రోడ్ల మీదుగా నదిని చేరి, గట్టు వెంట సాగే దారిలో పక్క నగరంలోకి వెళ్లి, సాయంత్రానికి తిరిగి వచ్చేలా సుమారు 80 కిలోమీటర్ల మార్గం తయారు చేసుకోవాలనుకుంటున్నాననీ రాశారు. ఫోనులోని యాప్ గీసి ఇచ్చిన గీతను యథాతథంగా నమ్మవచ్చా, నమ్మకూడదంటే ఏమేమి సరిచూసుకోవాలి అన్నది మీ ప్రశ్న. యాప్ గీతను చిత్తుప్రతిగా మాత్రమే తీసుకోవాలని నా సలహా. ఇలాంటి మార్గంలో పల్లె భాగం గానీ, నది భాగం గానీ, నగర భాగం గానీ విడివిడిగా పెద్ద చిక్కు తెచ్చిపెట్టవు. చిక్కంతా ఒకటి ముగిసి మరొకటి మొదలయ్యే అతుకుల దగ్గర ఉంటుంది, యాప్‌లు తరచుగా పొరబడేదీ అక్కడే. అందువల్ల మార్గాన్ని మొదటి కిలోమీటరు నుంచి వరుసగా గీసుకుంటూ పోకుండా, ముందు ఆ అతుకులను ఖాయం చేసుకొని, తరువాత వాటి మధ్య ఖాళీలను నింపండి.

పల్లె రోడ్డు నదిని కలిసే అతుకును మొదట చూద్దాం. కొండల నడుమనైనా గుట్టల నడుమనైనా చదునైన నేల దొరికేది నది లోయలోనే కాబట్టి, రైలు మార్గమూ పెద్ద రహదారీ కూడా నదికి సమాంతరంగా, దాదాపు ఒడ్డునే ఆనుకొని వేసి ఉండడం చాలా దేశాల్లో కనిపిస్తుంది. పటంలో నది మీకు అర కిలోమీటరు దూరంలోనే కనిపించినా, ఆ అర కిలోమీటరులో రైలు పట్టాలనూ నాలుగు వరుసల రహదారినీ దాటవలసి రావచ్చు. దాటే చోటు ఎక్కడుంది, అది పట్టాల కింది నుంచి పోయే దారా, గేటా, మెట్లున్న పాదచారుల వంతెనా అన్నది ఉపగ్రహ చిత్రంలో దగ్గరగా పెట్టి చూడాలి. మెట్ల వంతెన అయితే సైకిలును భుజాన వేసుకోవాలి. ఒకసారికైతే ఫరవాలేదు గానీ నాలుగుసార్లంటే విసుగు పుడుతుంది. కింది నుంచి పోయే దారి అయితే వర్షాకాలంలో అందులో నీరు నిలుస్తుందేమో ఆలోచించాలి, ఎందుకంటే చుట్టుపక్కల అన్నిటికంటే పల్లపు చోటు అదే.

వంతెనల సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. సైకిలు తొక్కేవాడికి నది ఒక గోడ వంటిది, వంతెనలే దానికి తలుపులు. నగరం చుట్టుపక్కల వంతెనలు దగ్గర దగ్గరగా ఉంటాయి గానీ పల్లె ప్రాంతంలో ఒక వంతెనకూ మరో వంతెనకూ మధ్య పది, పదిహేను కిలోమీటర్లుండడం వింత కాదు. తప్పు ఒడ్డున దిగితే ఆ దూరమంతా కోరని ప్రయాణమవుతుంది. జర్మనీలోని పాసౌ నుంచి ఆస్ట్రియా రాజధాని వియన్నా వరకు డాన్యూబ్ నది వెంట ఉన్న ప్రసిద్ధ సైకిల్ దారిలో చాలా మేర రెండు ఒడ్డులా దారి ఉన్నా, కొన్ని మలుపుల వద్ద ఒక ఒడ్డున దారి తెగిపోయి, సైకిళ్లను ఎక్కించుకొనే పడవలో అవతలికి దాటవలసి వస్తుంది. పడవ మీద ఆధారపడే మార్గమైతే అది ఏ నెలల్లో నడుస్తుంది, సాయంత్రం చివరి పడవ ఎన్నింటికి అన్నది ముందుగా కనుక్కోకుండా బయలుదేరకూడదు. ఏ ఒడ్డున దారి ఎక్కడి వరకు అఖండంగా ఉందో చూసుకొని, ఒడ్డు మారడాన్ని ఒక్కసారికి పరిమితం చేయగలిగితే మంచిది.

పటంలో నది పక్కన గీత కనిపించినంత మాత్రాన అది మీ సైకిలు కోసం వేసిన దారి అనుకోకండి. ఇంగ్లండులో థేమ్స్ నది వెంట పేరుపొందిన కాలిబాట ప్రధానంగా నడిచేవారి కోసం ఏర్పరచినది. దానిలో చాలా భాగాల మీద సైకిలుకు అనుమతి లేదు. అమెరికాలో కంబర్లాండ్ నుంచి వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ వరకు దాదాపు 297 కిలోమీటర్ల మేర పోటోమాక్ నదిని అనుసరించే పాత కాలువ గట్టు దారి మీద సైకిలుకు అనుమతి ఉంది గానీ, దానిలో అధిక భాగం మట్టి, సన్న కంకర. వాన పడిన మరునాడు సన్న టైర్ల రోడ్ సైకిలుతో దాని మీదికి వెళ్తే చక్రాలు బురదలో దిగబడతాయి. అనుమతి ఉందా, నేల ఎలాంటిది అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. రెండింటికీ జవాబు రాబట్టాలి. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉమ్మడి పటంలో దారి ఉపరితలం తారా, కంకరా, మట్టా అని నమోదు చేసే ఏర్పాటు ఉంది. మార్గాలు గీసే యాప్‌లు చాలావరకు ఆ సమాచారాన్నే వాడుకుంటాయి. అయితే ఆ వివరాన్ని స్వచ్ఛంద సేవకులు నింపుతారు కాబట్టి కొన్నిచోట్ల ఖాళీగా ఉంటుంది. ఖాళీగా ఉన్న చోట కొన్ని యాప్‌లు తమకు తోచిన ఊహతో పని కానిస్తాయి. ‘ఉపరితలం తెలియదు’ అని చూపించే యాప్ మీద నాకు అందుకే ఎక్కువ గౌరవం. ఇతరులు తొక్కిన జాడలను వేడి రంగుల్లో చూపే పటాలు కూడా ఉపయోగపడతాయి గానీ, అవి ఆ దారిన చాలామంది వెళ్లారని చెబుతాయే తప్ప, వెళ్లింది రోడ్ సైకిళ్ల మీదా, లావు టైర్ల సైకిళ్ల మీదా అన్నది చాలాసార్లు చెప్పవు.

మీ టైర్లు 25 మిల్లీమీటర్లవైతే, ఫ్రేములో చోటుంటే, ఈ ప్రయాణానికి ముందు 28కి గానీ 30కి గానీ మారండి. వెడల్పు పెరిగినప్పుడు గాలి కొంత తగ్గించి కొట్టుకోవచ్చు, గరుకు తారు మీద కుదుపు తగ్గుతుంది. మంచి తారు మీద దీనివల్ల వేగం తగ్గుతుందన్న భయం అక్కరలేదు.

ఇక ఎత్తుల విషయం. యాప్ చూపే ‘మొత్తం ఎక్కిన ఎత్తు’ అనే అంకెను పల్లె భాగంలో నమ్మవచ్చు గానీ నది భాగంలో అనుమానించాలి. ఈ యాప్‌లు వాడే భూమి ఎత్తుల సమాచారంలో ఒక ముఖ్యమైన భాగం 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో సేకరించినది. అది నేలను సుమారు 30 మీటర్ల గళ్లుగా విడగొట్టి ఒక్కో గడికి ఒక్కో ఎత్తును ఇస్తుంది. నది పక్కన నిటారైన కొండ చరియ ఉంటే, గట్టు మీద చదునుగా పోయే మీ దారి ఒక గడిలో నది ఎత్తునూ పక్క గడిలో కొండ ఎత్తునూ తీసుకుంటుంది. దాంతో లేని ఎక్కుళ్లూ దిగుళ్లూ పుట్టుకొస్తాయి. వంతెనల మీద, సొరంగాల్లో కూడా ఇదే జరుగుతుంది, ఎందుకంటే యాప్ వంతెన ఎత్తును కాక దాని కింది లోయ ఎత్తును లెక్కలోకి తీసుకోవచ్చు. నది వెంట 20 కిలోమీటర్లలో 300 మీటర్ల ఎక్కుడు అని చూపిస్తే భయపడకండి, ముందుగా గ్రాఫులో రంపపు పళ్లలాంటి ఆకారం ఉందేమో చూడండి. పల్లె భాగంలో మాత్రం మొత్తం అంకె కంటే అతి నిటారైన కిలోమీటరు ఎంత అన్నది ముఖ్యం. సైకిలుతో కలిపి 85 కిలోల బరువుండే మనిషి 5 శాతం వాలును గంటకు 12 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే, గురుత్వాకర్షణను జయించడానికే దాదాపు 140 వాట్లు కావాలి. అలవాటున్నవారు దానిని కొంతసేపు నిలబెట్టుకోగలరు. అదే వాలు 10 శాతమైతే, అదే వేగానికి రెట్టింపు కావాలి. అది చాలామందికి కొద్ది నిమిషాల పని. కనుక వెనుక గేర్లలో అతి పెద్ద పళ్లచక్రం ఎన్ని పళ్లదో చూసుకోండి. ముందు చిన్న చక్రం 34, వెనుక పెద్దది 32 లేదా 34 పళ్లు ఉంటే గుట్టల పల్లె దారులకు సరిపోతుంది.

నది భాగంలో శ్రమ పెట్టేది ఏటవాలు కాదు, గాలి. ఇందాక చెప్పిన పాసౌ, వియన్నాల మధ్య సుమారు 300 కిలోమీటర్లలో డాన్యూబ్ దిగేది 150 మీటర్ల లోపే, అంటే కిలోమీటరుకు అర మీటరు కూడా ఉండదు. ‘నది ప్రవాహం వైపు వెళ్తే అంతా దిగుడే’ అని చాలామంది అనుకుంటారు గానీ, మైదానంలో ఆ వాలు కాళ్లకు తెలిసేంతటిది కాదు. గాలి నిరోధం మాత్రం వేగపు వర్గంతో పెరుగుతుంది. మీరు గంటకు 25 కిలోమీటర్లతో తొక్కుతుండగా 15 కిలోమీటర్ల ఎదురుగాలి వీస్తే, మీ ఒంటికి తగిలే గాలి వేగం 40 అవుతుంది. నిరోధం గాలి లేని రోజుతో పోలిస్తే రెండున్నర రెట్లు దాటుతుంది. కరకట్ట మీది దారి చుట్టూ ఉన్న నేల కంటే ఎత్తులో, చెట్ల చాటు లేకుండా పోతుంది కాబట్టి అక్కడ ఆ గాలి అంతా మీకే. కొండల మధ్య లోయల్లో మరో విశేషం ఉంది. ఎండ కాసే రోజుల్లో, ఉదయం ఆలస్యంగా మొదలై సాయంత్రం వరకు గాలి లోయ పైభాగం వైపు వీస్తుంది, రాత్రి కిందికి మళ్లుతుంది. అలాంటి చోట మధ్యాహ్నం నది ప్రవాహం దిశలో తొక్కేవారికి దిగుడూ ఎదురుగాలీ కలిసి వస్తాయి, దిగుడు ఓడిపోతుంది. కనుక ముందురోజు రాత్రి వాతావరణ సూచనలో ఉష్ణోగ్రత కంటే ముందు గాలి దిశ చూడండి. చుట్టి వచ్చే మార్గమైతే, బయలుదేరేటప్పుడు ఎదురుగాలి, తిరిగి వచ్చేటప్పుడు వెనుకగాలి ఉండేలా దిశ మార్చుకోండి. గీసుకున్న మార్గాన్ని తిరగేసి తొక్కడానికి మొహమాటపడవలసిన అవసరం లేదు. కాకపోతే ఒకవైపు ప్రయాణం మాత్రమే ఉన్న వీధులు నగర భాగంలో ఉంటాయి కాబట్టి ఆ ముక్కను తిరిగి గీయాలి.

సమయం లెక్కలో కొత్తవారు తరచుగా దెబ్బతింటారు. తమకు అలవాటైన రోడ్డు మీద సగటు 22 ఉంటే, 80ని 22తో భాగించి మూడు గంటల నలభై నిమిషాలు అనుకుంటారు. మీ మార్గంలో 45 కిలోమీటర్లు పల్లె, 25 నది, 10 నగరం అనుకుందాం. పల్లెలో 22 వేగానికి రెండు గంటల పైన. నడిచేవారు, పిల్లలు, కుక్కలతో పంచుకునే గట్టు దారి మీద 17 వేగానికి దాదాపు గంటన్నర. కూడళ్లలో ఆగుతూ సాగే నగరంలో 12 వేగానికి యాభై నిమిషాలు. మొత్తం నాలుగు గంటల ఇరవై నిమిషాలు, అది కూడా ఎక్కడా కూర్చోకుండా. నగరంలో గంటసేపు గడిపి, మరో రెండుచోట్ల ఆగితే ఆరు గంటలు పెట్టుకోవాలి. అస్తమయ సమయం నుంచి వెనక్కి లెక్కించి బయలుదేరే వేళను నిర్ణయించుకోండి, దీపాలు మాత్రం పగలు కూడా దగ్గర ఉండాలి.

పల్లె రోడ్ల ఎంపికలో నేను పాటించే నియమం ఒకటి ఉంది. రెండు పట్టణాలను నేరుగా కలిపే రోడ్డును వదిలి, ఊరి నుంచి ఊరికి వంకరగా పోయే రోడ్డును పట్టుకోవాలి. తొందరలో ఉన్న వాహనదారుడు వంకర దారిని ఎంచుకోడు. ఆ దారిన వచ్చేవారు అక్కడే ఎక్కడో ఆగవలసినవారు. దూరం పది, పదిహేను శాతం పెరిగినా, ప్రశాంతత దానికి మించి పెరుగుతుంది. అయితే అలాంటి రోడ్లకు వాటి ప్రమాదాలూ ఉంటాయి. కోతల కాలంలో పొలాల్లోంచి ట్రాక్టర్లు తెచ్చిన మట్టి తారు మీద ఎండితే గట్టిగా, తడిస్తే జారుడుగా ఉంటుంది. చిన్న కూడళ్ల దగ్గర వాహన చక్రాలు విసిరిన కంకర సరిగ్గా మీరు వాలే మలుపులోనే పోగుపడుతుంది. మలుపుకు ముందే బ్రేకు వేసి, మలుపులో వేయకుండా ఉండడం అలవాటు చేసుకోండి. ఎత్తైన పైరు, కంచెలు మూసేసిన మలుపుల్లో రోడ్డు మధ్యకు రావద్దు, మరీ అంచుకూ పోవద్దు. అంచున పోతే ఎదుటివారికి మీరు ఆలస్యంగా కనిపిస్తారు. కుక్కలు వెంటపడితే, ఎక్కుడులో వేగంతో తప్పించుకోవాలన్న ఆశ వదులుకొని, దిగి సైకిలును అడ్డంగా పెట్టుకొని నడవడమే మేలు.

నది దారి మీద వేగం గురించి కాస్త కటువుగానే చెబుతాను. చదునుగా, వాహనాలు లేకుండా ఉంది కదా అని దానిని పందెపు బాటగా వాడుకునేవారి వల్లనే చాలాచోట్ల సైకిళ్ల మీద ఆంక్షలు కోరే వాదనలకు బలం వస్తోంది. నడిచేవారిని దాటేటప్పుడు దూరం నుంచే గంట కొట్టి, వేగం తగ్గించి, మాట వినిపించేంత నెమ్మదిగా దాటాలి. గంట విని మనుషులు ఒక్కొక్కప్పుడు తప్పు వైపుకే జరుగుతారు, దానికి చోటు ఉంచుకోవాలి. సెలవు రోజు మధ్యాహ్నం గట్టు దారి కిక్కిరిసి ఉంటుంది, అదే దారి తెల్లవారుజామున మీ ఒక్కరిదే. వీలైతే నది భాగాన్ని పొద్దున్నే పెట్టుకోండి. పొగమంచు ఉన్న రోజుల్లో మాత్రం ఎండ వచ్చే వరకు ఆగండి. చెట్ల వేర్లు తారును పైకి లేపిన గడ్డలు, వాహనాలు రాకుండా దారి మధ్యలో పాతిన స్తంభాలు, తడిసిన చెక్క పలకల వంతెనలు, వీటిని నీడలో గుర్తించడం కష్టం. వరద వచ్చి తీసిన తరువాత కొన్ని వారాల పాటు దారి మీద ఒండ్రు పేరుకొని ఉంటుంది. ఎండినట్టే కనిపించినా, దాని కింద మెత్తగా ఉండి ముందు చక్రం జారిపోతుంది. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో హాన్ నదికి రెండు ఒడ్డులా మంచి సైకిల్ దారులున్నాయి గానీ, వేసవి వానల్లో నీటిమట్టం పెరిగినప్పుడు వాటిని మూసేస్తారు. ఏ నది వెంట దారికైనా ఇది వర్తిస్తుంది: మూసివేత సమాచారం ఎక్కడ ప్రకటిస్తారో ముందే తెలుసుకోండి.

నగర ప్రవేశమే అన్నిటికంటే ముఖ్యమైన అతుకు. నగరం అనగానే అందరూ నడిబొడ్డు గురించి బెంగపడతారు. నిజానికి నడిబొడ్డులో వాహనాలు నెమ్మదిగా పోతాయి, వీధులు ఇరుకు, వేగాల తేడా తక్కువ. ప్రమాదకరమైనవి శివార్లు. గిడ్డంగులు, లారీలు, పెద్ద చుట్టు రహదారి, దాని మీదికి ఎక్కే వంపు దారులు అన్నీ అక్కడే ఉంటాయి. ఆ వలయాన్ని ఒక్క అడ్డు కూడలి లేకుండా చీల్చుకొని లోపలికి పోయేది చాలాచోట్ల నది ఒక్కటే. వంతెనలు దాని మీదుగా పోతాయి, గట్టు దారి వాటి కింద నుంచి పోతుంది. కనుక నగరంలోకి నది వెంటే ప్రవేశించండి, అందుకోసం పల్లె భాగంలో ఐదారు కిలోమీటర్లు అదనంగా చుట్టి రావలసి వచ్చినా సరే. కొన్ని నగరాలు నడిబొడ్డు ఒడ్డును కూడా వాహనాల నుంచి విడిపించాయి. పారిస్‌లో సీన్ నది కుడి ఒడ్డున పోయే దిగువ రోడ్డులో ఒక భాగాన్ని 2016లో వాహనాలకు మూసివేశారు. మరికొన్ని నగరాల్లో ఒడ్డంతా ప్రైవేటు స్థలాలు, రేవులతో నిండి, గట్టు దారి చెప్పాపెట్టకుండా తెగిపోతుంది. యాప్ అలాంటి చోట మిమ్మల్ని పక్కనున్న పెద్ద రోడ్డు మీదికి నెట్టే అవకాశం ఎక్కువ. తెగే చోటును ముందే గుర్తించి, అంతకు ఒకటి రెండు వంతెనల ముందుగానే గట్టు దిగి, ఇళ్ల మధ్య వీధుల్లోకి మళ్లేలా గీసుకోండి.

లోపలికి వచ్చాక మూడు జాగ్రత్తలు చాలు. నిలిపి ఉన్న కార్ల తలుపు హఠాత్తుగా తెరుచుకున్నా తగలనంత దూరంలో, అంటే కనీసం ఒక మీటరు, వీలైతే ఇంకా ఎక్కువ ఎడం పాటించండి. ట్రామ్ పట్టాలను సాధ్యమైనంత లంబంగా దాటండి; ఏటవాలుగా దాటితే సన్న టైరు పట్టా పక్కనున్న గాడిలో ఇరుక్కుంటుంది, తడి రోజున పట్టా మీదే జారుతుంది. కూడలిలో లారీ గానీ బస్సు గానీ ఆగి ఉంటే, అది మలుపు తిరగబోయే వైపు దాని పక్కకు చేరి నిలబడవద్దు. డ్రైవరుకు ఏమాత్రం కనిపించని చోటు అదే. దాని వెనుకనే ఆగి, అది కదిలిన తరువాత కదలండి.

నగరం నుంచి తిరుగు ప్రయాణానికి రైలును కూడా పరిశీలించండి. మొదటి 80 కిలోమీటర్ల ప్రయత్నంలో నగరాన్నే గమ్యంగా పెట్టుకొని, 50, 55 కిలోమీటర్లు తొక్కి రైలులో తిరిగి రావడం పిరికితనమేమీ కాదు. పైగా వెనుకగాలి దిశలోనే మొత్తం ప్రయాణం చేసే వెసులుబాటు దొరుకుతుంది. సైకిలును రైలులోకి అనుమతిస్తారా, ఏ వేళల్లో అనుమతించరు, ముందుగా చోటు కేటాయించుకోవాలా అన్నవి ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి, ఆ సమాచారం రైల్వేవారి నుంచే నేరుగా తీసుకోవాలి. తొక్కుకుంటూనే రావాలనుకుంటే, అలసిన కాళ్లకు ఎక్కుళ్లు మిగలకుండా గుట్టల భాగాన్ని మొదటి సగంలోనే ముగించండి.

తిండి, నీళ్ల గురించి క్లుప్తంగా: రెండు గంటలు దాటిన ప్రయాణంలో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం, ఎండను బట్టి అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్లు. ఆకలి వేసేదాకా ఆగకుండా మొదటి గంటలోనే మొదలుపెట్టాలి. గట్టు దారి మీద కొన్నిచోట్ల పది, పదిహేను కిలోమీటర్ల దాకా ఏమీ దొరకదు, నీళ్లు నదిలో తప్ప. అందుకని నది దారి ఎక్కేముందు వచ్చే చివరి ఊళ్లో సీసాలు నింపుకోండి. రెండు ట్యూబులు, చిన్న పంపు, టైరు విప్పే కడ్డీలు, చైను కలిపే లింకు ఒకటి చాలు. కానీ ఇంటి దగ్గర ఒకసారైనా చక్రం ఊడదీసి ట్యూబు మార్చి చూసుకోండి.

చివరగా, ఫోనును నమ్ముకోండి గానీ ఒక్క ఫోనునే నమ్ముకోకండి. మార్గం ఫైలునూ పటాన్నీ నెట్‌వర్క్ లేకపోయినా తెరుచుకునేలా ముందే దింపుకోండి. బెల్జియంలోని లింబర్గ్ ప్రాంతంలో 1990లలో మొదలై నెదర్లాండ్స్ అంతటా పాకిన ఒక పద్ధతి ఉంది. అక్కడ సైకిల్ దారులు కలిసే ప్రతి కూడలికీ ఒక సంఖ్య ఉంటుంది. తొక్కేవారు తమ మార్గాన్ని ఆ సంఖ్యల వరుసగా ఒక చీటీ మీద రాసుకొని హ్యాండిల్‌కు అంటించుకుంటారు. మీ ప్రాంతంలో అలాంటి సంఖ్యలు లేకపోయినా, అదే పద్ధతిలో మలుపు తిరగవలసిన ఊళ్ల పేర్లు, ఒడ్డు మారే వంతెన పేరు, గట్టు దిగవలసిన చోటు, దారిలో దగ్గరగా వచ్చే రెండు రైల్వే స్టేషన్ల పేర్లు చీటీ మీద రాసుకోండి. ప్రతి పేరు పక్కన బయలుదేరిన చోటి నుంచి దూరం కూడా వేసుకుంటే, మధ్యాహ్నం రెండింటికి ఎక్కడున్నారో, ముందుకు సాగాలా, దగ్గరి స్టేషనుకు మళ్లాలా అన్నది ఆగి ఒక్క నిమిషంలో తేల్చుకోవచ్చు.